జాతీయ జట్టును ఎన్నుకొనవలసిన వారెవరు?

మన దేశపు ఫుట్‌బాలు జట్టు ఓడిన మరునాడు సికిందరాబాదు వీధులలో మూడు మాటలు తప్పక వినవచ్చును. శిక్షకుడు అసమర్థుడనునది మొదటిది. ఎంపిక చేసినవారు పక్షపాతులనునది రెండవది. మన యూరివారికి అన్యాయము జరిగినదనునది మూడవది. ఆడలేనివాడు మద్దెల ఓడనుట లోకప్రసిద్ధము. కాని చూచువాడు సయితము ఏ విచారణయు లేక మద్దెలను, మద్దెలగానిని దూషించుట మనము అంతగా గమనింపని వింత. ఈ వ్యాసకర్త గొప్ప ఆటగాడు కాడు. మైదానపు అంచున నిలిచి చూచు అభిమాని మాత్రమే. అయినను ఈ మూడు మాటలలో సత్యమెంత, అసత్యమెంత యని మన నగరచరిత్రనే సాక్షిగా బెట్టుకొని విచారించుట తోడి విద్యార్థులకు ఉపయోగకరమని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాడు.

ముందుగా ఎంపిక యననేమో తెలిసికొందము. దేశమునందలి పదునొకండుగురు మిక్కిలి నేర్పరులను ఏరి కూర్చుటయే ఎంపికయని పలువురు భావింతురు. ఇది పొరపాటు. సంగీతసభకు నలుగురు గొప్ప గాయకులను పిలిచి, మృదంగమునకు ఎవ్వరిని పిలువకున్నచో ఆ సభ రక్తికట్టునా? జట్టును అట్టిదే. పరుగెత్తువాడు, నిలిచి కాచువాడు, బంతిని పంచువాడు, గోలు కొట్టువాడు, వీరందరు ఒకరికొకరు అమరవలయును. కావున ఆటతీరు నిర్ణయించిన పిదపనే ఆటగాండ్ర నిర్ణయము జరుగవలెను. ఆటతీరు నిర్ణయించువాడు శిక్షకుడు. ఆటగాండ్రను వేరొకరు ఏరి యిచ్చి, ఓటమిని మాత్రము శిక్షకుని తలపై మోపుట న్యాయము గాదు. ఎవడు ఓటమికి ఉత్తరవాదియో వానికే ఎంపికయందు తుదిమాట యుండవలెననునది ఈ వ్యాసమునకు ప్రధానాంశము.

దీనికి నిదర్శనము వెదకుటకై పరదేశములకు పోనక్కరలేదు. 1909వ సంవత్సరమున జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీము గారు హైదరాబాదు వాస్తవ్యులు, వృత్తిచే బడిపంతులు. కాచిగూడ మొదలగు చోట్ల పాఠశాలలలో బోధించిరి. 1943 మొదలు 1963లో మరణించువరకు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగా నుండిరి. వారి శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమారులు బొంబాయి రోవర్సు కప్పును గెలుచుకొనెను. 1951, 1962 సంవత్సరముల ఆసియా క్రీడలలో భారతదేశమునకు లభించిన ఫుట్‌బాలు స్వర్ణపతకములు రెండును వారు శిక్షకులుగా నున్నప్పుడు వచ్చినవే. 2024లో వారి చరిత్రమును ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రముగా గూడ తీసిరి.

రహీము గారి పద్ధతి ఎట్టిది? వారు బడిపంతులు గావున లోపమున్నచోటనే పాఠము చెప్పిరి. మన బాలురు ఒంటరిగా బంతిని త్రిప్పుకొనుచు పోవుట యందు ఆసక్తులై తోడివానికి అందించుట మరచుచుండిరి. దానికి విరుగుడుగా, బంతిని త్రిప్పుకొనిపోవుట నిషేధించిన పోటీలను నడపిరి. కుడికాలితో మాత్రమే తన్ననేర్చిన వారికై, బలహీనమైన కాలినే వాడవలెనను నియమముతో వేరు పోటీలు పెట్టిరి. పొట్టివారైన బాలుర కొరకు ప్రత్యేకముగా పోటీలు నెలకొల్పిరి. మొక్కయై వంగనిది మానై వంగునా? జాతీయజట్టు శిక్షణ జాతీయజట్టుతో మొదలుగాదనియు, అది గల్లీలోను బడిలోను మొదలగుననియు వారు గ్రహించిరి.

ఇక ఓటమి సంగతి. 1948 లండను ఒలింపిక్సునందు మనవారిలో పెక్కుమంది బూట్లు లేకయే ఆడి, ఫ్రాన్సుచేత 2–1 గా ఓడిరి. దొరికిన రెండు పెనాల్టీలను గోలుగా మార్చజాలకపోయిరి. 1952లో హెల్సింకి నగరమున యుగోస్లావియా మనలను 10–1 గా ఓడించెను. ఆనాటి శిక్షకులు రహీము గారే. అటుపిమ్మట బూట్లు ధరించుట నిర్బంధమయ్యెను. మన వీధులలోని తీర్పునుబట్టి యైనచో అట్టి ఓటమి పొందిన శిక్షకుని పేరు మరల తలపరాదు. కాని 1956 మెల్బోర్ను ఒలింపిక్సునకు వారినే శిక్షకులుగా పంపిరి. అచ్చట మనవారు ఆస్ట్రేలియాను 4–2 గా ఓడించిరి. నెవిల్ డిసౌజా మూడు గోలులు కొట్టెను. ఉపాంత్యమున మరల యుగోస్లావియాయే ఎదురయ్యెను. ఈమారు తొలిగోలు మనదే. తుదకు 4–1 గా ఓడినను, పది గోలులు తిన్న జట్టునకును, తొలిగోలు చేసి నిలిచి పోరాడిన జట్టునకును గల భేదమును గుర్తింపవలెను. మూడవస్థానపు ఆటలో బల్గేరియాచేత 3–0 గా ఓడి మనవారు నాలుగవస్థానము పొందిరి. తొలి సుత్తులో హంగరీ జట్టు రాకుండుట మనకు కలిసివచ్చిన మాటయు నిజమే. అయినను ఓడినవానికి తప్పు దిద్దుకొను అవకాశమిచ్చుట వలన ఫలమెట్లుండునో యిది చూపుచున్నది.

ఎంపికలో సాహసమన నేమో 1962 జకార్తా ఆసియా క్రీడలు తెలుపును. తొలియాటలో దక్షిణకొరియా మనలను 2–0 గా ఓడించెను. తరువాత థాయిలాండుతో ఆడునపుడు మన రక్షణపంక్తికి ఆధారభూతుడైన జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. అట్టివానిని విశ్రాంతికి పంపుట సామాన్యులు చేయు పని. రహీము గారు వానిని ఉపాంత్యమున దక్షిణ వియత్నాముపై ముందువరుసకు పంపి సెంటర్ ఫార్వర్డుగా ఆడించిరి. వాడొక గోలు చేసెను. మనవారు 3–2 గా గెలిచిరి. సెప్టెంబరు 4వ తేదీన జరిగిన తుదిపోటీలో అదే దక్షిణకొరియాపై మనవారు 2–1 గా గెలిచిరి. మొదటి గోలు పి. కె. బెనర్జీది, రెండవది జర్నైలుది. అంతియేగాక, అంతకుముందు గోలు కాచిన ప్రద్యుత్ బర్మనుకు బదులు తుదిపోటీకి పొడగరియగు పీటర్ తంగరాజును నిలిపిరి.

ఈ రెండు నిర్ణయములును వికటించియుండినచో ఏమై యుండును? “గాయపడినవానిని, అందులో రక్షకుని, ముందుకు పంపుట వెఱ్ఱి గాదా? గెలిపించిన గోలుకీపరును తీసివైచి తన యూరివానిని నిలుపుట పక్షపాతము గాదా?” యని నిందింపని వాడుండడు. తంగరాజు హైదరాబాదున పుట్టి, సికిందరాబాదులోని మార్నింగ్ స్టార్ క్లబ్బు, ఫ్రెండ్సు యూనియను క్లబ్బులలో పెరిగినవాడు గదా! కాని అది బంధుప్రీతి గాదు. ఎత్తుగా వచ్చు బంతులను అందుకొనగలవాని అవసరము. నిర్ణయము మంచిదా చెడ్డదా యని ఫలమును జూచి చెప్పుట తేలిక. కారణమును జూచి చెప్పుట కష్టము. విజ్ఞుడగు అభిమాని రెండవదానిని అభ్యసింపవలెను.

ఇక మూడవ మాట: మన యూరివారికి అన్యాయము. ఈ మాట పలుకునపుడు మన పెద్దలు 1956వ సంవత్సరమును తలచుకొందురు. ఆ జట్టులో అజీజుద్దీను, నూర్ మహమ్మదు, జుల్ఫికరుద్దీను, అహమ్మద్ హుస్సేను, తంగరాజు మొదలగు మనవారుండిరి. వారితోబాటు సికిందరాబాదు దండుప్రాంతమునందలి అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాసు బలరాము గూడ నుండెను. బలరాము బీదయింటి బాలుడు. అమ్ముగూడ నుండి హైదరాబాదునకు అభ్యాసమునకై వచ్చుటకు వానికి దారిబత్తెము లేకపోగా, బాడుగ సైకిలునకు రహీము గారే డబ్బిచ్చిరని చెప్పుదురు. ఆ బాలుడే 1960 రోము ఒలింపిక్సులో హంగరీపైనను పెరూపైనను గోలు కొట్టెను. 1962 స్వర్ణపతకపు జట్టులో నుండెను. అదే సంవత్సరమున అర్జున పురస్కారము పొందెను. 2023 ఫిబ్రవరిలో స్వర్గస్థుడయ్యెను.

వీరందరు ఎంపికకర్తల దయచే జట్టులోనికి వచ్చినవారా? కాదు. నగర పోలీసు జట్టు రోవర్సు కప్పును ఐదేండ్లు విడువకుండెను. హైదరాబాదు జట్టు 1956–57, 1957–58 సంవత్సరములలో వరుసగా సంతోష్ ట్రోఫీ గెలిచెను. ఇంట గెలిచి రచ్చ గెలిచిన వారిని ఎవరు కాదనగలరు? అట్లు గావున, నేడు మన నగరపు పేళ్లు జాతీయజట్టులో అరుదైపోయినచో ఎంపికసంఘమును నిందించుటకు పూర్వము మనలను మనమే ప్రశ్నించుకొనవలెను. బలహీనమైన కాలిని సాధన చేయించు పంతులెక్కడ? ఆడుకొనుటకు విడిచిన ఖాళీస్థలమెక్కడ? 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగును గెలిచిన హైదరాబాదు ఎఫ్. సి. జట్టు సయితము 2025లో ఢిల్లీకి తరలిపోయెను. ఊరి జట్టే ఊర నిలువలేకపోయిన చోట ఊరి బాలుడు దేశజట్టులో నిలుచుట ఎట్లు?

ఇటీవలి వివాదములను గూడ ఈ కొలతతోనే కొలుతము. క్రొయేషియా దేశీయుడగు ఇగోర్ స్టిమాచ్ 2019లో మన శిక్షకుడయ్యెను. 2024 ఆసియా కప్పులో మూడాటలును ఓడుట, అదే యేడు మార్చిలో గౌహతి యందు ఆఫ్గనిస్తానుచేత 2–1 గా ఓడుట జరిగిన పిదప, జూనులో ఒప్పందకాలము ముగియకమునుపే ఆయనను తొలగించిరి. పిదప వచ్చిన స్పెయిను దేశీయుడు మనోలో మార్కెజ్, మన హైదరాబాదు జట్టును గెలిపించినవాడే. 2024 సెప్టెంబరున మన గచ్చిబౌలి మైదానముననే ఆయన తొలియాటలు జరిగెను. మారిషసుతో 0–0, సిరియాతో 0–3. నవంబరులో అచ్చటనే మలేషియాతో 1–1. ఆయన ఆ కాలమున గోవా జట్టునకు గూడ శిక్షకుడుగా నుండెను. రెండు పడవలపై కాళ్లుంచుట ఎంత నేర్పరికైనను తగదు. కాని ఆ ఏర్పాటునకు సమ్మతించినది సమాఖ్యయే గనుక నింద ఆయన యొక్కనిదే కాదు.

2024 జూనులో విరమించిన సునీల్ ఛేత్రిని 2025 మార్చిలో మరల పిలుచుట గూడ వివాదమయ్యెను. నలువదేండ్ల ఛేత్రి మాల్దీవులపై గోలు చేసి, ఇంకను శక్తి కలదని చూపెను. అయినను అతనిని పిలువవలసి వచ్చుటయే మన దారిద్ర్యమునకు చిహ్నము. ముందువరుసకు కొత్త బాలురను తీర్చిదిద్దని దేశము పాతవానినే ఆశ్రయింపక తప్పదు. జూనులో హాంకాంగుచేత 1–0 గా ఓడిన పిదప మార్కెజ్ వైదొలగెను. ఆగష్టులో దేశీయుడగు ఖాలిద్ జమీలు నియుక్తుడయ్యెను. అక్టోబరు 14న మడ్గాఁవులో సింగపూరుచేత 2–1 గా ఓడుటతో 2027 ఆసియా కప్పునకు అర్హత పొందు ఆశ నశించెను. రెండేండ్లలోపల ముగ్గురు శిక్షకులు! విత్తనము నాటి, మొలక రాకమునుపే పెల్లగించి చూచు రైతునకు పంట యెట్లు చేతికందును?

పరదేశి శిక్షకుడు మేలా, స్వదేశి మేలా యను తర్కము వ్యర్థము. పెరటిచెట్టు మందునకు పనికిరాదను తలంపు మనలో కలదు. రహీము గారు ఆ తలంపును అబద్ధము చేసిరి. అట్లని పరదేశీయులందరు పనికిరారనుటయు తప్పే. 1964 ఆసియా కప్పులో మనవారు ద్వితీయస్థానము పొందినపుడు శిక్షకుడు ఆంగ్లేయుడగు హ్యారీ రైటు. పుట్టినచోటు కాదు, పూనిక ప్రధానము.

కావున ఈ అభిమాని మనవిచేయు సూత్రములు మూడు. ఆటగాండ్రను ఎన్నుకొను తుది అధికారము శిక్షకునిదే కావలెను. వానికి కనీసము నాలుగేండ్ల గడువు, జాతీయజట్టు తప్ప వేరు కొలువు లేని నియామకము ఉండవలెను. ఎంపికకు కారణములను బహిరంగముగా చెప్పవలెను. కారణము తెలిసినచోట అనుమానమునకు తావు తక్కువ. ఈ మూడును సమాఖ్యవారు చేయదగినవి.

మనము చేయదగినదొకటి కలదు. ప్రియమైన తోడి విద్యార్థులారా! రేపటి యాటలో మన జట్టు ఓడినచో, “ఎవరి తప్పు?” అని అడుగుటకు ముందు “ఎందువలన?” అని అడుగుడు. ఆపై మీ బంతిని దీసికొని మైదానమునకు పోయి, మీకు అలవాటు లేని కాలితో వందమారులు తన్నుడు. బలరాము నడిచిన దారి అమ్ముగూడ నుండి నేటికిని అట్లే యున్నది. దానిమీద నడచువారు కావలెను.