ఇంటికి తగిన శునకం

మానవుడు మచ్చిక చేసుకున్న జంతువులలో మొట్టమొదటిది కుక్క. ఆవును, గొర్రెను, గుర్రాన్ని పెంచడం తెలియకముందే, వ్యవసాయమన్నది ఆరంభం కాకముందే, అతడు తోడేలు సంతతిని చేరదీశాడు. ఇది జరిగి పదిహేను వేల సంవత్సరాలకు పైబడిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. నాటి నుండి నేటి వరకు వేటలో తోడుగా, మందకు కాపలాగా, ఇంటికి రక్షగా శునకం మనిషిని వీడలేదు. తెలుగువారు దానిని గ్రామసింహమన్నారు. నన్నయ ఆదిపర్వంలో సరమ అనే దేవశుని తన బిడ్డకు జరిగిన అన్యాయాన్ని రాజు ఎదుట నిలిచి ప్రశ్నిస్తుంది. అదే భారతం చివర స్వర్గానికి వెళ్ళే ధర్మరాజు వెంట కడదాకా నడిచినది కూడా ఒక కుక్కయే. తనను నమ్మి వచ్చిన ప్రాణిని విడిచి స్వర్గానికైనా రానని ఆయన పట్టుబట్టాడు. కుక్కను పెంచదలచిన ప్రతి కుటుంబమూ గుర్తుంచుకోవలసిన ధర్మం ఆ ఘట్టంలో ఇమిడి ఉంది.

ప్రపంచంలో గుర్తింపు పొందిన శునకజాతులు మూడు వందల యాభైకి పైగా ఉన్నాయి. ఆకారంలో ఎంత భేదమున్నా ఇవన్నీ ఒకే జీవజాతికి చెందినవి. మనిషి తన అవసరాన్ని బట్టి, కోరిన గుణాలున్న వాటిని ఎన్నుకొని, తరతరాలుగా సంకరపరచి ఈ జాతులను రూపొందించాడు. జర్మన్ షెపర్డ్ గొర్రెల మందలను కాయడానికి పుట్టింది. లాబ్రడార్ పూర్వీకులు కెనడా సముద్రతీరంలో బెస్తవారికి వలలు లాగడంలో సాయపడ్డాయి. పొట్టి కాళ్ళు, పొడవాటి నడుము గల డాక్సండ్ బొరియలలో దూరి జంతువులను వేటాడడానికి ఏర్పడింది. సైబీరియన్ హస్కీ మంచులో బండ్లు లాగింది. పగ్ చైనా రాజభవనాలలో ఒడిలో కూర్చొని పెరిగింది. ఏ జాతి ఏ పనికి పుట్టిందో, ఆ పని తాలూకు స్వభావం దాని రక్తంలో నేటికీ నిలిచి ఉంటుంది. ఈ సత్యాన్ని విస్మరించి కేవలం రూపాన్ని చూసి కుక్కను ఎంచుకోవడం వల్లనే అనేక అనర్థాలు కలుగుతున్నాయి.

హైదరాబాదు నగరంలోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలను ఉదాహరణగా తీసుకుంటే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయం, సినిమా హాళ్ళు, కళాశాలలు, పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలతో ఈ పేటలు నిత్యం జనసమ్మర్దంగా ఉంటాయి. పెరడు, వాకిలి గల పాత ఇళ్ళు పోయి వాటి స్థానంలో అపార్టుమెంట్లు వెలిశాయి. సందులు ఇరుకు. ఒక ఇంటి గోడకు మరొక ఇంటి గోడ ఆనుకొని ఉంటుంది. ఒక వాటాలో విశ్రాంత ఉద్యోగి దంపతులు, పక్క వాటాలో పసిపిల్లల తల్లిదండ్రులు, పైఅంతస్తులో రాత్రింబవళ్ళు చదువుకొనే పరీక్షార్థులు నివసిస్తారు. ఇట్టి చోట ఒక కుక్కను తెచ్చుకోవడమంటే అది ఒక్క కుటుంబానికి సంబంధించిన విషయం కాదు, భవనమంతటికీ సంబంధించినది.

కనుక ఏ జాతి కుక్క కావాలన్న ప్రశ్నకు ముందు, తమ ఇల్లు ఎటువంటిదన్న ప్రశ్న వేసుకోవాలి. ఇంటిలో పగటిపూట ఎవరైనా ఉంటారా? ఉదయం, సాయంత్రం దానిని బయట తిప్పగలిగే ఓపిక ఎవరికి ఉంది? ఇంటిలో పసిపిల్లలు గాని, వృద్ధులు గాని, ఉబ్బసం వంటి వ్యాధులు ఉన్నవారు గాని ఉన్నారా? అద్దె ఇల్లయితే యజమాని సమ్మతి ఉందా? ఆహారానికి, టీకాలకు, వైద్యానికి నెలనెలా అయ్యే వ్యయాన్ని భరించగలరా? సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు దాని బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నలకు ఇంటిల్లిపాదీ కూర్చొని సమాధానాలు చెప్పుకున్న తరువాతనే జాతి విషయం ఆలోచించాలి.

మొదట పరిశీలించవలసినది వాతావరణం. హైదరాబాదులో వేసవి ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటడం సాధారణం. మనిషికి శరీరమంతటా చెమట పట్టి వేడి తగ్గుతుంది. కుక్కకు ఆ సౌకర్యం లేదు. దానికి చెమట ప్రధానంగా అరికాళ్ళలోనే పడుతుంది. నాలుక చాచి రొప్పడం ద్వారానే అది ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. దట్టమైన బొచ్చుతో మంచుప్రాంతాలకు తగినట్లు పుట్టిన హస్కీ, సెయింట్ బెర్నార్డ్ వంటి జాతులను మేడమీది రెండు గదుల ఇంటిలో ఉంచడం వాటిని హింసించడమే అవుతుంది. చదును ముఖం గల పగ్ పరిస్థితి మరొక విధంగా కష్టమైనది. 2003లో ఒక టెలిఫోన్ సంస్థ ప్రకటనలో బాలుని వెంట నడిచిన పగ్‌ను చూసి దేశమంతటా ఎందరో ఆ జాతిని కొన్నారు. అయితే నాసికామార్గం కుంచించుకుపోయి ఉండడం వల్ల ఆ జాతి శ్వాసకు ఇబ్బంది పడుతుందని, ఎండలో త్వరగా వడదెబ్బకు గురవుతుందని కొన్నవారిలో అనేకులకు తెలియదు.

రెండవది స్థలం. చిన్న ఇంటికి చిన్న కుక్క, పెద్ద ఇంటికి పెద్ద కుక్క అనే సూత్రం సగమే నిజం. కుక్కకు కావలసిన స్థలం దాని పరిమాణం మీద కంటె దాని చురుకుదనం మీద ఆధారపడి ఉంటుంది. లాబ్రడార్ సాధుస్వభావం కలది, పిల్లలతో స్నేహంగా మెలగుతుంది. కాని ప్రతిదినం తగినంత నడక, పరుగు లేకపోతే అది స్థూలకాయం పొందుతుంది, విసుగుతో చెప్పులను, మంచపుకోళ్ళను కొరుకుతుంది. డాక్సండ్ శరీరం చిన్నదే అయినా నడుము పొడవైనది. నిత్యం మెట్లు ఎక్కి దిగడం వల్ల, ఎత్తు నుండి దూకడం వల్ల దాని వెన్నుపూసకు హాని కలుగుతుంది. లిఫ్టు లేని మూడవ అంతస్తు ఇంటికి అది తగినది కాదు.

మూడవది శబ్దం. ఈ పేటలలో పామరేనియన్ అని అందరూ పిలిచే తెల్లని బొచ్చుకుక్క నిజానికి ఇండియన్ స్పిట్జ్. అది ఈ దేశపు వేడికి చాలావరకు అలవాటు పడింది. తక్కువ తిండితో, తక్కువ చోటులో సర్దుకుంటుంది. యజమానిని అంటిపెట్టుకొని తిరుగుతుంది. వృద్ధ దంపతులకు చక్కని తోడు. అయితే చిన్న అలికిడికే మొరిగే స్వభావం దానికి ఎక్కువ. గోడకు అవతల పరీక్షలకు చదివే విద్యార్థులు ఉన్నప్పుడు, చిన్ననాటి నుండి అనవసరంగా మొరగకుండా దానికి శిక్షణ ఇవ్వడం అవసరం.

కాపలా కోసం జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, రాట్‌వీలర్ వంటి జాతులను కోరుకునేవారున్నారు. ఇవి మేధాశక్తి, దేహబలం కలిగిన జాతులు. నగరానికి చేరువలోని మొయినాబాదు శిక్షణ కేంద్రంలో పోలీసు జాగిలాలు ఎంత క్రమశిక్షణతో తయారవుతాయో గమనిస్తే, శిక్షణకు ఉన్న ప్రాధాన్యం అర్థమవుతుంది. అదే బలం శిక్షణ లేని ఇంటిలో, గొలుసుతో కట్టివేయబడిన ఒంటరితనంలో, ప్రమాదంగా పరిణమిస్తుంది. 2024 మార్చి నెలలో కేంద్రప్రభుత్వం ఇరవై మూడు జాతుల పెంపకాన్ని, విక్రయాన్ని నిలిపివేయవలసిందిగా రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధిత వర్గాలను సంప్రదించలేదన్న కారణంతో కర్ణాటక హైకోర్టు మరుసటి నెలలోనే ఆ ఉత్తర్వును కొట్టివేసింది. చట్టం ఏమైనప్పటికీ, తాను అదుపు చేయలేని కుక్కను జనసమ్మర్దం గల వీధిలోకి తీసుకురావడం ఏ పౌరునికీ తగదు.

విదేశీ జాతుల మీది వ్యామోహంలో స్వదేశీ జాతులు మరుగున పడ్డాయి. కర్ణాటకకు చెందిన ముధోల్, తమిళనాడుకు చెందిన రాజపాళయం, చిప్పిపారై ప్రసిద్ధమైన వేటజాగిలాలు. 2005 జనవరిలో భారత తపాలాశాఖ నాలుగు స్వదేశీ శునకజాతుల బిళ్ళలను విడుదల చేయగా, వాటిలో ముధోల్, రాజపాళయం చోటు చేసుకున్నాయి. కొల్లేరు పరిసరాలలో బాతుల మందలను కాచే జోనంగి తెలుగునేలకు చెందిన జాతి. ఇవి వేడిని తట్టుకుంటాయి, రోగాలను ఎదుర్కొంటాయి. కాని వేటజాగిలాలు పరుగు కోసం పుట్టినవి. విశాలమైన ఆవరణ లేని నగరగృహాలలో వాటిని బంధించడం న్యాయం కాదు.

ఇక ఏ జాతిపేరూ లేని ఊరకుక్క సంగతి. వేల సంవత్సరాలుగా ఈ గాలిని, ఈ నీటిని, ఈ ఎండను తట్టుకొని నిలిచినది అదే. పొట్టి వెంట్రుకలు, మధ్యమ పరిమాణం, చురుకైన బుద్ధి, మితాహారం దాని లక్షణాలు. పిల్లగా ఉన్నప్పుడే చేరదీసి, టీకాలు వేయించి, ప్రేమతో పెంచితే అది ఏ జాతికుక్కకూ తీసిపోదు. 1992లో అక్కినేని అమల స్థాపించిన హైదరాబాదు బ్లూక్రాస్ వంటి సంస్థలు అనాథ శునకాలను దత్తత ఇస్తున్నాయి. చిక్కడపల్లి సందులలోని చాలా కుటుంబాలకు తగిన కుక్క వేలరూపాయల వెల గలది కాదు. వీధిలోనే తల్లిని కోల్పోయి వణుకుతున్న ఆ పిల్లయే కావచ్చు.

కొనదలచినవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. 2017 నాటి శునకాల పెంపకం, విక్రయ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాల లోపు వయసు గల పిల్లలను అమ్మరాదు. అంతకు ముందే తల్లి నుండి వేరుచేసిన పిల్లలు బలహీనంగా, భయస్వభావంతో పెరుగుతాయి. వీలైనంతవరకు తల్లిని, అది నివసించే చోటును కళ్ళారా చూసిన తరువాతనే పిల్లను తీసుకోవాలి. ఇంటికి తెచ్చిన పిమ్మట పశువైద్యుని సలహా మేరకు డిస్టెంపర్, పార్వో వ్యాధుల నివారణకు, మూడు నెలల వయసులో రేబిస్ నివారణకు టీకాలు వేయించాలి. రేబిస్ టీకాను తరువాత క్రమం తప్పక మళ్ళీ వేయించాలి. నగరపాలక సంస్థ నుండి లైసెన్సు పొందాలి. ఈ ప్రాంతవాసులకు నారాయణగూడలోనే ప్రభుత్వ పశువైద్యశాల అందుబాటులో ఉంది.

టీకా విషయంలో ఉపేక్ష పనికిరాదు. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత మరణం దాదాపు తథ్యం. కాని కరచిన వెంటనే జాగ్రత్తపడితే ఆ మృత్యువును పూర్తిగా నివారించవచ్చు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం వంటివి పూయరాదు. జాగు చేయక వైద్యుని వద్దకు వెళ్ళి, చెప్పిన తేదీలలో టీకాలన్నీ పూర్తిచేయాలి. నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ కుక్కకాటు టీకాల కోసం నగరవాసులందరికీ సుపరిచితమైన చోటు. పెంపుడు కుక్క గీరినా, కరచినా ఇదే నియమం వర్తిస్తుంది.

హక్కులతో పాటు బాధ్యతలు కూడా ఉంటాయి. నివాస సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో స్పష్టం చేసింది. అదే సమయంలో కుక్కను పట్టీతో నడిపించడం, దాని మలాన్ని యజమానియే తొలగించడం, పిల్లలు, వృద్ధులు తిరిగే చోట అదుపులో ఉంచడం కనీస మర్యాదలు. తెల్లవారుజామున వీధి చల్లగా ఉన్నప్పుడు నడిపించాలి. మధ్యాహ్నపు తారురోడ్డు దాని పాదాలను కాలుస్తుంది.

కుక్క ఆయుర్దాయం పది నుండి పదిహేను సంవత్సరాలు. మహాకాయ జాతులకు ఇంకా తక్కువ. పదవ తరగతి బాలుడు ముచ్చటపడి తెచ్చిన పిల్ల, అతడు డిగ్రీ ముగించి ఉద్యోగానికి వెళ్ళేనాటికీ ఆ ఇంటి గుమ్మంలోనే ఉంటుంది. అతడు లేనినాడు దానిని చూసేది తల్లిదండ్రులే. ఆలోచన లేకుండా తెచ్చి, భారమని తోచగానే వీధిలో వదలివేయబడిన పెంపుడు కుక్క ఆహారం వెతుక్కోలేదు, వాహనాలను తప్పించుకోలేదు, వీధికుక్కల గుంపును ఎదిరించలేదు. కొద్దిరోజులలోనే అది ఆకలితోనో, గాయాలతోనో మరణిస్తుంది. లేదా భయంతో ఎవరినో కరచి మరొక కుటుంబానికి దుఃఖం కలిగిస్తుంది. ప్రాణుల పట్ల కరుణ చూపడం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం చెబుతున్నది. ఆ కరుణ కుక్కను ఇంటికి తెచ్చిననాడు కాక, తేవాలా వద్దా అని ఆలోచించిననాడే ఆరంభం కావాలి. తగిన కుక్కను ఎంచుకోవడం ఎంత వివేకమో, తమ ఇంటి పరిస్థితులు అనుకూలించనప్పుడు వద్దనుకోవడం కూడా అంతే వివేకం.