సున్నం లేని గోడ ఎలా నిలుస్తుంది?

పాత నల్లగొండ జిల్లాలోని రాచకొండ కోటను 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు కట్టించారు. అక్కడి గోడల్లో పెద్ద పెద్ద గ్రానైటు రాళ్లను సున్నం లేకుండానే పేర్చారు. మరి అవెందుకు కూలలేదు?

పై రాళ్ల బరువే కింది రాళ్లను నొక్కి పట్టుకుంటుంది. గరుకు రాళ్లు ఒకదానిమీద ఒకటి జారకుండా రాపిడి ఆపుతుంది. అయితే కింది రెండు రాళ్ల సందు మీద పై రాయి నడుమ పడాలి. సందు మీద సందు వస్తే గోడ అక్కడే చీలుతుంది. గోడ మందంలోకి అడ్డంగా పొడవాటి రాళ్లు వేస్తే రెండు ముఖాలూ విడిపోవు. గోడ పైకి లేచేకొద్దీ కాస్త లోపలికి వాలాలి. వాననీళ్లు సందుల్లోంచి బయటికి పోతాయి కాబట్టి వెనక మట్టి ఉబ్బి నెట్టే బెడద తక్కువ.

ఇలా గోడ కట్టడం ఒంటరి పని కాదు. ఒకరు సమ్మెటతో రాయి పగలగొడితే, ఇద్దరు గడ్డపారలతో దొర్లిస్తారు, అనుభవం ఉన్నవారు అమరుస్తారు. కొత్తవాళ్లు ముందు సందుల్లో చిన్న రాళ్లు బిగిస్తూ, ఏ రాయి ఎక్కడ ఇముడుతుందో చూపుతోనే నేర్చుకుంటారు. తరాలుగా రాతిపని చేసిన వడ్డెరలది, నా దృష్టిలో, గొప్ప ఇంజనీరింగు చదువు.

2018లో యునెస్కో యూరప్‌లోని 8 దేశాల ఇలాంటి గోడల కళను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మన గుట్టల మీది గోడలకూ ఆ గౌరవం దక్కాలి. రాచకొండ వెళ్తే గోడ రాళ్లను కదిలించకండి, సందులు లెక్కపెట్టి చూడండి.