అటక మీది లెక్క

బక్రీద్ ఇంకా పది రోజులున్నదనగా ఒక మధ్యాహ్నం, పాఠాలు ముగిసి పిల్లలు భోజనాలకు లేచిన వేళ, మా విద్యార్థి ఒకరి తల్లి మదరసా గుమ్మం వద్ద నిలబడి ఒక సందేహం అడిగారు. "మౌలానా, మా ఇంట్లో నగదు నిల్వ లేదు. ఉన్న బంగారం పెద్దమ్మాయి పెళ్ళికి అమ్మేశాము. మా మీద కుర్బానీ వాజిబ్ కాదు కదా?"

ఇంట్లో వాడకుండా పడి ఉన్న సామాను ఏమైనా ఉన్నదా అని మేము అడిగాము. ఆమె ఆశ్చర్యపోయారు. "సామానుకేం తక్కువ మౌలానా! అటక నిండా ఉన్నది. పెళ్ళిళ్ళలో వచ్చిన డిన్నర్ సెట్లే అయిదారు, అట్టపెట్టెలు కూడా విప్పలేదు. వాటికీ కుర్బానీకీ సంబంధమేమిటి?"

సంబంధం ఉన్నది. చాలా కుటుంబాలకు ఈ విషయం తెలియదు కనుక కొంత వివరంగా చెప్పడం అవసరం. జకాత్ విధి కావాలంటే పెరిగే స్వభావం గల సంపద ఉండాలి. బంగారం, వెండి, నగదు, వ్యాపార సరుకు ఆ కోవలోనివి. ఇంటి గిన్నెల మీద, మంచాల మీద జకాత్ లేదు. కాని సదకయె ఫిత్ర్, కుర్బానీల విషయంలో హనఫీ పండితుల లెక్క వేరు. మౌలిక అవసరానికి మించి ఇంట్లో పడి ఉన్న వస్తువుల విలువ కూడా ఈ లెక్కలో చేరుతుంది. అప్పులు తీసివేయగా మొత్తం 52.5 తులాల వెండి, అనగా 612.36 గ్రాముల వెండి ధరకు చేరితే ఆ వ్యక్తి కుర్బానీ ఇవ్వవలసి ఉంటుంది. జకాత్ పుచ్చుకునే అర్హత కూడా ఆ వ్యక్తికి ఉండదు. భార్య సొత్తు భార్య లెక్కలో, భర్త సొత్తు భర్త లెక్కలో విడివిడిగా చూడాలి.

మౌలిక అవసరమంటే ఏమిటో పూర్వ పండితులు ఎంతో సూక్ష్మంగా చర్చించారు. నివసించే ఇల్లు, వాడుకునే పాత్రలు, వృత్తి పనిముట్లు, వాహనం ఇందులోకి వస్తాయి. దుస్తుల గురించి వారు చెప్పిన మాట చదివినప్పుడల్లా మాకు వింతగా ఉండేది. మూడు జతలు అవసరమట: ఒకటి ఇంట్లో కట్టుకోవడానికి, ఒకటి పనిపాటలకు, ఒకటి జుమాకు, పండుగలకు. నాలుగవది అవసరానికి మించినది. నేడు వాడుకలో ఉన్న దుస్తులన్నిటినీ పలువురు ముఫ్తీలు అవసరంగానే పరిగణిస్తున్నారు కనుక పాఠకులు కంగారు పడనవసరం లేదు. ప్రతి ఇంటి స్థితి వేరు కాబట్టి దగ్గరలోని ముఫ్తీని అడిగి తెలుసుకోవడం మేలు.

ఆ తల్లి లెక్క చూసుకుని, నిసాబ్‌కు చేరలేదని మరునాడు కబురు పంపారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్లు, వేలు పోసి కొన్న సామాను ఇప్పుడు అమ్మితే వచ్చేది ఎంతో చూసి ఆమెకే దిగులు కలిగిందట.

ఆ రాత్రి భోజనం వేళ మేము ఈ సంగతి ఇంట్లో చెప్పాము. మా ఇల్లాలు శ్రద్ధగా విని, "ఆమెకు చెప్పారు, సంతోషం. మరి మన అటక సంగతి ఎవరిని అడుగుదాం?" అన్నారు.

మేము పాతికేళ్ళకు పైగా చదువు చెబుతున్నాము. మా జీతం సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. మా ఇంట్లో అదనపు వస్తువులు ఉండగలవని మాకెన్నడూ తోచలేదు. పండుగ సెలవుల్లో నిచ్చెన వేసి, మా అబ్బాయి పైనుండి అందిస్తుంటే మేము కింద అందుకున్నాము. దించడానికే రెండు రోజులు పట్టింది. మూడు ప్రెషర్ కుక్కర్లు, అందులో రెండింటికి రబ్బరు లేదు. పెట్టెలు విప్పని గాజు గ్లాసుల సెట్లు నాలుగు. ఒకదాన్ని ఒకటి పోలిన హాట్ ప్యాకులు. చుట్టాలొస్తే పనికొస్తాయని దాచిన రజాయీలలో ఎలుకలు కాపురం పెట్టాయి. తిరగని టేబుల్ ఫ్యాను, మూతలు లేని స్టీలు డబ్బాలు, డబ్బాలు లేని మూతలు. ఎన్నో ఏళ్ళ నాటి పెళ్ళి కార్డులు ఒక సంచీ నిండా ఉన్నాయి. వాటి మీద బిస్మిల్లాహ్ ముద్రించి ఉన్నదని పారవేయలేక దాచినవి.

ఇవన్నీ ఎలా వచ్చాయో ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాము. సగం పెళ్ళి కానుకలు. మనం ఒకరి పెళ్ళిలో గ్లాసుల సెట్టు ఇస్తాము, వారు మన ఇంటి పెళ్ళిలో మరో గ్లాసుల సెట్టు ఇస్తారు. అటకలు మారుతుంటాయే గాని గ్లాసులు నీళ్ళ ముఖం చూడవు. మిగతా సగం మేము కొన్నవే. రమజాన్ చివరి పది రాత్రులు ఇబాదత్ కోసం ప్రత్యేకించినవి. ఆ రాత్రులలోనే చార్మినార్, పత్తర్‌గట్టీ వీధులు కాలు మోపడానికి వీలులేకుండా నిండిపోతాయి. మా ఊరి బజారు సంగతీ అంతే. లైలతుల్ ఖద్ర్ వెతకవలసిన రాత్రి మేము కూడా కర్టెన్లకు సరిపోయే దిండు గలీబులు వెతికిన సందర్భం ఉన్నది. ఆ గలీబులు ఈసారి అటక మీద దొరికాయి. ఇప్పుడు బజారుకు పోనక్కరలేదు, పడుకొని ఫోనులో వేలితో తాకితే చాలు, మూడవనాటికి పెట్టె గుమ్మంలో ఉంటుంది. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న చోట ఆ రెండవది ఎవరికి కావాలో ఎవరూ ఆలోచించరు.

దైవప్రవక్త (స) పడకల గురించి చెప్పిన హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. ఒక పడక భర్తకు, ఒకటి భార్యకు, మూడవది అతిథికి, నాలుగవది షైతానుకు అని దాని భావం. ఇందులో అతిథి పడకను తీసివేయలేదన్నది గమనించాలి. ఇల్లు బోసిగా ఉంచమని ధర్మం చెప్పలేదు. వచ్చేవారికి చోటు ఉండాలి. మా ఇంట్లో మాత్రం నాలుగవ పడక సామాను మూడవదాన్ని మింగివేసింది. చుట్టాలొస్తే పరచడానికని దాచిన రజాయీల మూటలు, పెట్టెలు అటక నిండి వెనుక గదిలోకి దిగాయి. చివరకు చుట్టాలకు పక్క వేసే చోటే మిగలలేదు.

సామాను దించాక మా అబ్బాయి ఉత్సాహంగా, "అబ్బా, ఇదంతా రేపే ఇచ్చేద్దాం" అన్నాడు. పిల్లవాడి ఉద్దేశం మంచిదే. కాని ముస్లిం ఇంటిలో వస్తువును బయటకు పంపేముందు అది ఎవరిదని అడగాలి.

ఆ సామానులో పెద్ద భాగం మా ఇల్లాలు పుట్టింటి నుండి తెచ్చుకున్నది. జహేజ్ ఆచారం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. వచ్చిన సామాను మాత్రం స్త్రీ సొత్తు. ఆమె మనస్ఫూర్తిగా అంగీకరించకుండా భర్త అందులో చెంచా కూడా దానం చేయరాదు. అలా చేస్తే అది పరుల సొమ్ముతో పుణ్యం మూటగట్టుకోవడం. కనుక ఆమె వస్తువులు ఆమె ముందు పెట్టాము. ఆమె కొన్ని ఉంచుకున్నారు, చాలా వాటిని ఇచ్చివేయమన్నారు. ఒక పింగాణీ పళ్ళెం అంచు విరిగినా ఉంచుకున్నారు. కారణం మేము అడగలేదు.

గోడవారగా గోనెసంచులలో చుట్టి ఉన్నవి మరికొన్ని మిగిలాయి. రెండు రాగి దేగ్చాలు, ఒక పెద్ద లగన్, సీనీలు, ఇత్తడి పాన్‌దాన్. మా అమ్మీవి. ఆమె అల్లాహ్ సన్నిధికి చేరి తొమ్మిదేళ్ళయింది. చాలీస్ రోజుల లోపే ఎవరో వాటిని చుట్టి పైన పెట్టారు, అవి అక్కడే ఉండిపోయాయి.

ఇది రాయడానికి సిగ్గుగా ఉన్నది. మేము మదరసాలో సిరాజీ బోధిస్తాము. అది వారసత్వ భాగాల శాస్త్రం. కొడుకుకు ఎంత, కూతురుకు ఎంత అని పిల్లలచేత పలక మీద లెక్కలు కట్టిస్తాము. మా తండ్రిగారు, అమ్మీ తల్లిదండ్రులు అంతకు ముందే పోయారు. మిగిలిన వారసులం ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు. నాలుగు భాగాలు చేస్తే రెండు మావి, ఒకటి ఆపాది, ఒకటి చెల్లెలిది. అమ్మీ పేరున ఉన్న కొద్దిపాటి సొమ్ము ఆనాడే పంచాము. గిన్నెల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తు రాలేదన్నది సగం నిజమే. ఒకసారి దేగ్చా దించి, కళాయి పోయించి, మా అబ్బాయి అఖీఖాకు వాడుకున్నాము కూడా. ఆ సొత్తులో అక్కచెల్లెళ్ళ సగం భాగం తొమ్మిదేళ్ళు మా తల మీద ఉన్నది, దాని కిందనే కూర్చుని మేము ఫరాయిజ్ పాఠం సిద్ధం చేసుకున్నాము.

ఇద్దరికీ ఫోన్ చేశాము. పండుగ తరువాత వచ్చే ఆదివారం రమ్మన్నాము.

ఈలోగా మా సొంత వంతు వచ్చింది. "అందరి సామానూ దించారు. మరి ఈ గోడ?" అని మా ఇల్లాలు పుస్తకాల బీరువా చూపించారు. పండితుని గ్రంథాలు అతని మౌలిక అవసరమని మేము సమాధానం చెప్పాము. కాని అదే ఫిఖ్‌హ్ మాకు అడ్డు వచ్చింది. చదివే పుస్తకం అవసరమే. ఒకే గ్రంథం రెండు ప్రతులుంటే రెండవది అదనం అన్నది పెద్దలు ఎంచుకున్న అభిప్రాయం. ఒకదానితో ఒకటి సరిచూసుకోవడానికి రెండు ఉండవచ్చని కొందరు అన్నారు గాని, అది చేతిరాత ప్రతుల కాలం. మా వద్ద ఒక హదీసు వ్యాఖ్యానం మూడు ముద్రణలలో ఉన్నది. మూడింటిలోనూ మొదటి యాభై పుటలకే చేతి మరకలున్నాయి. పిల్లలకు పనికివచ్చే ప్రతులన్నీ ఇప్పుడు మదరసా గ్రంథాలయానికి చేరాయి. బీరువాలో రెండు అరలు ఖాళీ అయ్యాయి. వాటిని చూసినప్పుడు ఇప్పటికీ మాకు కొంచెం బాధగానే ఉంటుంది.

ఇవ్వడం గురించి ఒక మాట. పాడైనవి, చిరిగినవి, మనకే ఇస్తే కళ్ళు మూసుకొని తప్ప పుచ్చుకోలేనివి ఏరి అల్లాహ్ మార్గంలో ఇవ్వవద్దని దివ్యఖుర్ఆన్ రెండవ సూరా హెచ్చరిస్తున్నది. రబ్బరు లేని కుక్కర్లకు ముందు రబ్బరు వేయించాము. బాగుపడనివాటిని పాత సామాన్ల వ్యాపారికి తూకానికి వేసి, ఆ పైకం ఇచ్చాము. ప్రియమైనది ఖర్చు చేయనిదే పుణ్యం అందదన్న భావం గల ఆయతు అవతరించినప్పుడు హజ్రత్ అబూ తల్హా (ర) తనకు అత్యంత ఇష్టమైన బైరుహా తోటను ఇవ్వడానికి ముందుకు వచ్చారు. దాన్ని దగ్గరి బంధువులకు పంచమని దైవప్రవక్త (స) సలహా ఇచ్చారు. మనం అనాథాశ్రమాల చిరునామాలు వెతుకుతాము. పక్క వీధిలో ఉన్న మేనత్త కూతురి వంటగదిలో ఏమున్నదో మనకు తెలియదు.

అన్నీ ఇచ్చివేయనవసరం లేదు. మాఊన్ సూరాలో, చిన్న చిన్న వస్తువులు ఇవ్వడానికి కూడా నిరాకరించేవారిని అల్లాహ్ నిందించాడు. గొడ్డలి, కుండ, చేద వంటి, ఇరుగుపొరుగు అడిగి తీసుకునే వస్తువులే ఆ మాటకు అర్థమని హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (ర) వివరించారు. మా చిన్నతనంలో మొహల్లాకు ఒకటో రెండో పెద్ద దేగ్‌లు ఉండేవి. ఎవరింట దావత్ జరిగినా అవే పొయ్యి ఎక్కేవి. అడగడానికి ఎవరికీ నామోషీ ఉండేది కాదు. ఇప్పుడు అడగడానికి నామోషీ, కొనడానికి వాయిదాలు. మా వీధిలో నాలుగు ఇళ్ళు కలిసి ఒక నిచ్చెన, ఒక పెద్ద దస్తర్‌ఖాన్, రెండు దేగ్‌లు ఉమ్మడిగా పెట్టుకున్నాము. ఎవరు తీసుకువెళ్ళారో రాసే నోటుపుస్తకం మా ఇంట్లో ఉన్నది. తిరిగి ఇవ్వడంలో ఆలస్యం చేసేవారు ప్రతి వీధిలో ఉన్నట్లే మా వీధిలోనూ ఉన్నారు.

కొనుగోళ్ళ విషయంలో మేము పెద్ద నియమాలేమీ పెట్టుకోలేదు. కావలసిన వస్తువును కాగితం మీద రాసి నెల రోజులు గోడకు అంటించి ఉంచుతాము. నెల తరువాత కూడా అవసరం అనిపిస్తే కొంటాము. మొదటి కాగితంలో పదకొండు రాశాము, మూడు కొన్నాము. పెళ్ళిళ్ళకు వస్తువులు ఇవ్వడం మానేసి, శక్తి మేరకు నగదు కవరులో పెడుతున్నాము. దీనికి కొందరు బంధువులు నొచ్చుకున్నారు. ఖర్చులో మితిమీరడాన్నీ, పిసినారితనాన్నీ రెండింటినీ ఖుర్ఆన్ కాదన్నది కనుక, మా ఇల్లాలు ఈ కాగితం పేరు చెప్పి మేము చిన్నమ్మాయి చెప్పుల కొనుగోలు వాయిదా వేయబోతే ఒప్పుకోలేదు. ఆమె మాటే సరైనది.

ఆదివారం ఇద్దరూ వచ్చారు. పాత్రలు వరండాలో పెట్టి, తూకం వేయిస్తామన్నాము. ఆపా నవ్వి, "గిన్నెలకు తూకమేమిటి? నా భాగం నీకే వదిలేశాను" అన్నారు. మన సమాజంలో ఆడపడుచులు తమ భాగాన్ని కళ్ళతో చూడకముందే మొహమాటానికి మాఫ్ చేసివేస్తారు. ముందు ఆమె చేతికి ఇవ్వాలి, తరువాత ఆమె ఇష్టం అని పెద్దలు చెబుతారు. మేము పట్టు విడువలేదు. తూకం వేయించి, ధర కట్టి, ఎవరి భాగం వారి ముందు పెట్టాము. ఆపా ఒక దేగ్చా తీసుకున్నారు.

చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత పాన్‌దాన్ తన వైపు లాక్కొని, "భాయీజాన్, దీన్ని అడగాలని అమ్మీ పోయిన నెలలోనే అనుకున్నాను. ఇత్తడి కోసం అడిగిందనుకుంటారేమోనని ఊరుకున్నాను" అన్నది. దాని విలువ ఆమె భాగానికి ఎంతో తక్కువ. మిగతాది నగదుగా ఇచ్చాము.

ఆమె మూత తీసి లోపలి చిన్న డబ్బాలను ఒక్కొక్కటే విప్పి చూసింది. ఒకదానిలో సున్నం ఎండి అడుగున గట్టిపడి ఉన్నది. మా ఇల్లాలు నిమ్మకాయ, బూడిద తెచ్చి తోమి ఇస్తామన్నారు. చెల్లెలు వద్దన్నది.