బీట్‌మ్యాచింగ్ అభ్యాసములో హెడ్‌ఫోన్లు, మానిటర్ స్పీకర్లు

బీట్‌మ్యాచింగ్ అనగా ఒక పాట మ్రోగుతూ ఉండగానే రెండవ పాట వేగమును దానితో సమానము చేసి, రెండింటి దెబ్బలు ఒకే క్షణములో పడేటట్లు కలిపే ప్రక్రియ. ఇది డిస్క్ జాకీలు, అనగా డీజేలు, మొట్టమొదట నేర్చుకొనే విద్య. దీనిని హెడ్‌ఫోన్లతో నేర్చుకోవాలా, లేక ఎదురుగా పెట్టుకొన్న మానిటర్ స్పీకర్లతో నేర్చుకోవాలా అన్నది కొత్తవారికి తరచుగా కలిగే సందేహము. ఈ రెండు సాధనములు చెవికి వేరువేరు విషయములను వినిపిస్తాయి. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేరు పరిసరములలో వలె పాటలు ఎక్కువగా ఆరుబయట, ఊరేగింపులలో మ్రోగే చోట ఈ తేడా మరింత స్పష్టముగా తెలుస్తుంది.

తెలుగు వాడుకలో "డీజే" అనే మాట మనిషికన్నా ఎక్కువగా బాక్సులు, ఆంప్లిఫైయర్లు ఎక్కించిన బండికే చెల్లుతున్నది. "పెళ్ళికి డీజే పెట్టారు" అంటే చాలాసార్లు ఆ శబ్ద సామగ్రి అనే అర్థము. ఈ వ్యాసములో డీజే అనగా పాటలను కలిపే వ్యక్తి.

పుట్టుక

1960ల చివరలో న్యూయార్క్ నగరములోని శాంక్చురీ అనే క్లబ్బులో పనిచేసిన ఫ్రాన్సిస్ గ్రాసో ఈ పద్ధతిని ప్రచారములోకి తెచ్చినవాడుగా పేరు పొందాడు. ఆ క్లబ్బు అంతకు ముందు ఒక చర్చి భవనము. అప్పటి గ్రామఫోను యంత్రములలో వేగమును సన్నగా సవరించే సౌకర్యము అంతగా లేదు. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200, ముఖ్యముగా 1979లో వచ్చిన దాని రెండవ రూపము, ఈ పనిని సులభము చేశాయి. రెండవ రూపములోని జారుడు మీటతో వేగమును 8 శాతము వరకు పెంచవచ్చును, తగ్గించవచ్చును. 1994లో పయనీర్ సంస్థ సీడీజే-500ను విడుదల చేసింది. ఆ తరువాత ఇదే పని సీడీలతోను, క్రమముగా కంప్యూటరులోని ఫైళ్ళతోను జరగసాగింది.

వేగము మారితే పాట శ్రుతి కూడా మారుతుంది. సుమారు 6 శాతము వేగము పెరిగితే శ్రుతి ఒక అర్ధస్వరము పైకి పోతుంది. నేటి యంత్రములు శ్రుతిని కదలనీయకుండా వేగమును మాత్రమే మార్చగలవు.

చెవి చేసే లెక్క

నిమిషమునకు 125 దెబ్బలు గల పాటలో రెండు దెబ్బల నడుమ వ్యవధి 480 మిల్లీసెకన్లు. రెండవ పాట వేగము 126 అయితే ఆ వ్యవధి 476 మిల్లీసెకన్లు. అనగా ఒక్కొక్క దెబ్బకు నాలుగు మిల్లీసెకన్ల చొప్పున రెండవ పాట ముందుకు జారుతుంది. మొదటి నాలుగు దెబ్బలకు తేడా ఏమీ తెలియదు. పదహారవ దెబ్బకు అది 60 మిల్లీసెకన్లు అవుతుంది. అప్పటికి ఒక్క దెబ్బ రెండుగా చీలి, మెట్ల మీద గుర్రము దిగినట్లు వినబడుతుంది. నిమిషము గడిచేసరికి రెండవ పాట సరిగ్గా ఒక దెబ్బ ముందుకు పోయి ఉంటుంది.

డీజే నేర్చుకోవలసినది ఈ జారుడును అది చిన్నదిగా ఉన్నప్పుడే పసిగట్టడము, ఏ పాట ముందున్నదో ఏది వెనుకబడినదో గుర్తించడము. రెండవది మొదటిదానికన్నా కష్టము. లయ తప్పిందని అందరికీ తెలుస్తుంది. ఎవరు తప్పారో చెప్పడానికి చెవికి సాధన కావాలి. భజన బృందములో తాళము వేసేవారికి ఈ సాధన సహజముగానే అబ్బుతుంది.

దూరము వలన ఆలస్యము

కాలువకు అవతలి ఒడ్డున రేవులో బట్టలు ఉతికేవారిని చూస్తే, బండపై దెబ్బ ముందు కనబడి, శబ్దము తరువాత వినబడుతుంది. గాలిలో శబ్దము 20 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, ఎండాకాలములో కొంచెము ఎక్కువ. అనగా మీటరు దూరమునకు దాదాపు మూడు మిల్లీసెకన్లు పడుతుంది.

మాటలకు ఇది లెక్కలోకి రాదు. బీట్‌మ్యాచింగుకు మాత్రము ఇదే కీలకము. డీజే ప్రధాన బాక్సులకు 10 మీటర్ల దూరములో నిలబడితే ఆ పాట అతనికి 29 మిల్లీసెకన్లు ఆలస్యముగా వినబడుతుంది. హెడ్‌ఫోనులోని రెండవ పాటకు ఈ ఆలస్యము లేదు. చెవిలోని పాటను బయటి పాటతో కలిపితే అతనికి రెండూ చక్కగా కలిసినట్లే ఉంటాయి. కాని నిజానికి రెండవ పాట 29 మిల్లీసెకన్లు వెనుక ఉంటుంది. ఫేడరు తెరవగానే రెండూ ఒకే బాక్సులలో నుండి వస్తాయి కనుక ఆ తేడా జనమునకు వినబడుతుంది. డీజే పొరపాటు చేయకపోయినా కలయిక చెడిపోయే సందర్భము ఇది.

హెడ్‌ఫోన్లు

హెడ్‌ఫోను పని జనము వినని పాటను డీజేకు వినిపించడము. దీనిని క్యూ అంటారు. మిక్సరులో క్యూ, ప్రధాన పాట రెండింటినీ కావలసిన పాళ్ళలో హెడ్‌ఫోనులోనే కలుపుకొనే గుండీ కూడ ఉంటుంది. పైన చెప్పిన ఆలస్యమునకు ఇదే మంచి మందు. రెండు పాటలూ ఒకే దూరము నుండి, అనగా చెవి పక్క నుండే, వస్తాయి కాబట్టి లెక్క తప్పదు.

చెవిని పూర్తిగా కప్పి బయటి శబ్దమును అడ్డుకొనే రకము ఈ పనికి తగినది. 1988 నుండి దొరుకుతున్న సెన్‌హైజర్ హెచ్‌డీ 25 ఈ రకములో బాగా వాడుకలో ఉన్నది. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు ఈ పనికి పనికిరావు. వాటిలో శబ్దము తరచుగా 100 నుండి 200 మిల్లీసెకన్ల వరకు ఆలస్యమవుతుంది. 125 వేగము గల పాటలో అది అర దెబ్బకు దగ్గర. ఫోనుతో పాటు అవే ఇంట్లో ఉంటాయి కాబట్టి చాలామంది వాటితోనే మొదలుపెట్టి, విద్య తమకు పట్టుబడదని నిరాశపడతారు.

హెడ్‌ఫోనుకు ఒక లోపము ఉన్నది. లోతైన బాస్ దెబ్బ చెవికే తప్ప ఛాతీకి తగలదు. రెండు బాస్‌లు ఒకేసారి తెరిచినపుడు పుట్టే రొద అందులో చిన్నదిగా ఉండి, బాక్సులలో పెద్దదవుతుంది. అందుచేత హెడ్‌ఫోన్లతోనే నేర్చినవారు దెబ్బలను సరిగా కలుపుతారు గాని, ఏ పాట బాస్‌ను ఎప్పుడు తగ్గించాలన్నది ఆలస్యముగా నేర్చుకొంటారు.

మానిటర్ స్పీకర్లు

మానిటరు అనగా డీజేకు దగ్గరగా, అతనివైపు తిప్పి పెట్టిన స్పీకరు. ఒక మీటరు దూరములో ఉంటే ఆలస్యము మూడు మిల్లీసెకన్లే. ఒక చెవికి హెడ్‌ఫోను పెట్టుకొని, రెండవ చెవితో మానిటరు వినడము వృత్తిలో ఉన్నవారి సాధారణ పద్ధతి.

ఇంట్లో సాధన చేసేటపుడు రెండు మానిటర్లు, వినే వ్యక్తి తల సమభుజ త్రిభుజముగా ఉండి, ఎత్తైన స్వరములను పలికే చిన్న స్పీకర్లు చెవి ఎత్తులో ఉండాలి. మూలకు ఆనించి పెడితే బాస్ ఉబ్బిపోతుంది. శ్లాబు కప్పు, గచ్చు లేక టైల్స్ నేల, ఖాళీ గోడలు గల గదిలో ప్రతి దెబ్బకూ తోక వస్తుంది. ఆ తోకలో సన్నని జారుడు దాగిపోతుంది. ధాన్యము బస్తాలు, పరుపులు ఉన్న గది ఖాళీ గదికన్నా మేలు.

కొత్తవారికి మానిటరు చేసే మేలు ఒకటున్నది. తక్కువ శబ్దములో రెండు పాటలనూ స్పీకర్లలోనే పెట్టి, వేగము కావాలని తప్పించి, అవి విడిపోవడమును, మళ్ళీ కలవడమును వినవచ్చును. పక్కన ఉన్నవారు కూడ విని ఏది ముందున్నదో చెప్పగలరు. హెడ్‌ఫోనులో గురువు, శిష్యుడు ఒకే సమయములో వినడము అంత సులువు కాదు.

ఈ కారణముల వలన మొదటి కొద్ది రోజులు మానిటర్లతో జారుడును గుర్తుపట్టడము, తరువాత హెడ్‌ఫోనులో రెండు పాటలనూ కలిపి వినడము, చివరగా ఒక చెవి పద్ధతికి రావడము తగిన క్రమము. తెరపై కనబడే అంకెలను కాగితముతో కప్పి సాధన చేస్తే చెవి త్వరగా తేరుకొంటుంది.

ఊరేగింపులో

ఈ ప్రాంతములో డీజేకు పని దొరికేది క్లబ్బులలో కాదు. పెళ్ళి ఊరేగింపులు, వినాయక నిమజ్జనము, జాతరలు, సంక్రాంతి బరుల వద్ద సందడి, ఇవే వేదికలు. బాక్సులు ట్రాక్టరు మీదనో వ్యాను మీదనో బయటికి తిరిగి ఉంటాయి. డీజే వాటి వెనుక కూర్చుంటాడు. బాస్ అన్ని దిక్కులకూ వ్యాపిస్తుంది. ఎత్తైన స్వరములు మాత్రము బాక్సు ముఖము ఉన్న వైపే పోతాయి. అందువలన వెనుక ఉన్నవానికి గుమగుమ తప్ప తాళపు అంచు వినబడదు.

వీధిలో వెళ్ళేటపుడు ఎదుటి గోడల నుండి ప్రతిధ్వని కూడ తోడవుతుంది. గోడ 10 మీటర్ల దూరములో ఉంటే శబ్దము పోయి రావడానికి 58 మిల్లీసెకన్లు పడుతుంది. తాడేపల్లిగూడెము వంటి వర్తక కేంద్రములో రాత్రి మూసిన ఇనుప షట్టర్ల నడుమ ఇది మరీ ఎక్కువ. కొల్లేటి చేపల చెరువుల గట్ల మీద గోడలు ఉండవు కనుక ప్రతిధ్వని తక్కువ. అక్కడ డీజే తన పాటను స్పష్టముగా వినగలడు, కాని నునుపైన నీటి ఉపరితలము శబ్దమును పీల్చుకోదు, అడ్డుకోదు. శబ్దము అవతలి ఊరికి కూడ పోతుంది.

బండి మీద మానిటరుకు తావు ఉండదు, ఉన్నా దాని శబ్దము పెద్ద బాక్సుల రొదలో మునిగిపోతుంది. కాబట్టి ఇటువంటి చోట హెడ్‌ఫోను ఒక ఎంపిక కాదు, అవసరము. మానిటర్లతో మాత్రమే సాధన చేసినవారు బండి ఎక్కగానే తడబడడానికి కారణము ఇదే.

తెలుగు పాటలతో ఇబ్బంది

నేటి సాఫ్ట్‌వేరు సింక్ గుండీతో రెండు పాటలను తానే కలుపుతుంది. యంత్రము లెక్కకు లొంగే పాటలకు అది చాలు. క్లిక్ ట్రాక్ లేకుండా వాద్యబృందము అంతా కూర్చుని వాయించిన పాత సినిమా పాటలలో పల్లవికి, చరణమునకు మధ్య వేగము కొద్దిగా మారుతుంది. అక్కడ సింక్ దారి తప్పుతుంది.

మరొక చిక్కు గతిలో ఉన్నది. డప్పు వరుసలు, జానపద బాణీలు చాలావరకు తిస్రగతిలో, అనగా దెబ్బకు మూడు భాగములుగా నడుస్తాయి. విదేశీ నృత్య సంగీతము చతురస్రగతిలో, దెబ్బకు నాలుగు భాగములుగా నడుస్తుంది. తిస్రగతిలో నిమిషమునకు 100 దెబ్బలు గల పాటను సాఫ్ట్‌వేరు 150గా చదవడము కద్దు. ఆ అంకెను నమ్మి కలిపితే రెండు పాటలూ వేగములో సమానముగా ఉన్నట్లు తెర చూపుతుంది, చెవి మాత్రము ఒప్పుకోదు. ఇటువంటి చోట హెడ్‌ఫోనులో ఒక పాట దెబ్బను వేలితో లెక్కపెట్టి, సమ ఎక్కడ పడుతున్నదో చూచుకొని, దెబ్బలు లేని ఖాళీ చోట మార్చడమే మార్గము. ఇది యంత్రము చేయలేని పని. డీజేకు నేటికీ చెవి సాధన అవసరమవడానికి ఇదొక కారణము.

వినికిడి, నిబంధనలు

సాధన ఎక్కువ గంటలు సాగుతుంది కాబట్టి శబ్దము స్థాయి ముఖ్యము. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారము 80 డెసిబెల్స్ శబ్దమును వారమునకు 40 గంటలు వినవచ్చును. స్థాయి మూడు డెసిబెల్స్ పెరిగిన కొద్దీ ఆ సమయము సగమవుతుంది. బండి మీద బయటి రొదను మించి వినాలని హెడ్‌ఫోను శబ్దమును పెంచేవారికి ముప్పు ఎక్కువ. బయటి శబ్దమును బాగా అడ్డుకొనే హెడ్‌ఫోను వాడి, స్థాయిని తగ్గించుకోవడము దీనికి విరుగుడు. ఊరేగింపు ముగిశాక చెవులలో ఈల వినబడితే ఆ రోజు శబ్దము హద్దు మీరిందని అర్థము. చెవి లోపలి రోమకణములు ఒకసారి చనిపోతే తిరిగి మొలవవు.

మానిటర్లతో సాధన చేసేవారికి ఇరుగుపొరుగుల విషయము కూడ ఉన్నది. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారము నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు. పండుగల సందర్భములో రాష్ట్ర ప్రభుత్వము సంవత్సరమునకు 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చును. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానముల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలముగా ప్రకటించవచ్చును. 2005 జూలై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ నిబంధనల అమలును గట్టిపరచింది.

కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరినది. కైకలూరు సమీపములోని ఆటపాక గూడబాతులకు పేరు పొందిన చోటు. చలికాలములో వలస పక్షులు సరస్సులో ఉండే రోజులలోనే సంక్రాంతి సందడి కూడ వస్తుంది. లంక గ్రామములలో ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి, చుట్టూ నీరు తప్ప శబ్దమును ఆపేది లేదు. అటువంటి ఊళ్ళలో చీకటి పడ్డాక సాధన చేయడానికి హెడ్‌ఫోన్లే మిగులుతాయి, మానిటర్లకు పగటి పూట తగినది.