ఆ ఐదు మార్కులు ఎటు పోతున్నాయి?

నీట్ కోసం పుస్తకాలన్నీ తిరగేసినా మార్కులు కదలడం లేదా? అయితే కొత్త గైడు కొనేముందు పోయిన వారం రాసిన పరీక్షను ఒకసారి ముందు పెట్టుకోండి.

వరంగల్‌కూ డాక్టరు చదువుకూ ఉన్న బంధం ఈనాటిది కాదు. కాకతీయ మెడికల్ కాలేజీ 1959లోనే మొదలైంది. తెలంగాణ మొత్తానికీ మెడికల్ సీట్ల కౌన్సెలింగ్ నడిపే కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయమూ ఇక్కడే ఉంది. పరకాల, ములుగు, జనగామ, మహబూబాబాద్... చుట్టుపక్కల ఊళ్ల బైపీసీ పిల్లలు హన్మకొండ హాస్టళ్లకు చేరడం, ఇంటర్ అయ్యాక సీటు రాకపోతే మరో ఏడాది 'లాంగ్ టర్మ్'కు కూర్చోవడం మామూలే. ఆ ఏడాది ఊరికే రాదు. దానికోసం ఇంట్లో బోరో, స్లాబో వాయిదా పడుతుంది. అందుకే వారాంతపు పరీక్ష కాగానే ఊరి నుంచి ఫోను... "ఎన్నొచ్చినయ్ బిడ్డా?"

"ఏవి తప్పినయ్?" అని అడిగితే ఇంకా మేలు.

ఎందుకంటారా? 2025 నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. అందులో సగం జీవశాస్త్రమే. ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. ఈ మైనస్ అంటే పిల్లలకు హడల్. కానీ లెక్క వేసి చూడండి. గుడ్డిగా నాలుగు ప్రశ్నలకు జవాబు పెడితే సగటున ఒకటి తగులుతుంది. 4 వస్తాయి, 3 పోతాయి. అంటే బొత్తిగా తెలియని ప్రశ్న కొంప ముంచదు. ముంచేది తెలిసిన ప్రశ్నే! వచ్చిన లెక్కను తొందర్లో తప్పు చేస్తే రావాల్సిన 4 రావు, ఉన్నదాంట్లో ఒకటి పోతుంది. మొత్తం తేడా 5. అలాంటివి పది జరిగితే యాభై. ప్రభుత్వ కాలేజీ సీటుకూ, మరో ఏడాది హాస్టలుకూ మధ్య దూరం ఒక్కోసారి అంతకన్నా తక్కువే.

తప్పుల పుస్తకం

ఓ వంద పేజీల నోటుబుక్కు చాలు. ప్రతి పరీక్ష తర్వాతా తప్పిన ప్రశ్నలు అందులో రాసి పక్కన కారణం వేయాలి. చదవలేదా, మరిచిపోయారా, తొందరపడ్డారా? ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. చదవనిదానికి పాఠం, మరిచినదానికి పునశ్చరణ. మూడోదే మొండి జబ్బు. 'సరికానిది ఏది?' అన్నదాన్ని 'సరైనది' అని చదివేయడం, ఓఎంఆర్ షీటులో పక్క వరుసలో గుండ్రం దిద్దడం... ఇవన్నీ దాని లక్షణాలే. ఎన్ని గంటలు చదివినా ఇది తగ్గదు. ప్రశ్నలో 'కాని' అన్న చోట గీత పెట్టే అలవాటుతో తగ్గుతుంది.

ఫిజిక్సుది వేరే కథ. బైపీసీలో చేరగానే చాలామంది లెక్కలకు దండం పెట్టేస్తారు. ఘాతాంకాలు, సంవర్గమానాలు అక్కడే ఆగిపోతాయి. తీరా నీట్‌లో కాలిక్యులేటరు ఉండదు. పొద్దున్నే పావుగంట చేత్తో గుణకారాలు, భాగహారాలు చేయించండి. కొత్త ఫార్ములాలకన్నా అదే ఎక్కువ పనికొస్తుంది. జీవశాస్త్రానికి మాత్రం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాన్ని మించింది లేదు. బొమ్మల కింద చిన్నక్షరాల్లో ఉన్నదీ వదలొద్దు.

తెలుగు మీడియంలో పది చదివి వచ్చిన పిల్లలకు ఇంకో కష్టం. ద్రవాభిసరణం తెలుసు, 'ఆస్మాసిస్' అనగానే తడబాటు. పత్రరంధ్రం తెలుసు, 'స్టొమాటా' కొత్త. విషయం రాక కాదు, పేరు రాక. రోజుకు పది పదాలు రెండు భాషల్లో రాసుకుంటే రెండు నెలల్లో ఆరు వందలు. నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ తీసుకోవచ్చు. పక్కనే ఇంగ్లిషూ ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే మాత్రం ఇంగ్లిషు ప్రశ్నకే విలువ.

చాలామంది ఎప్‌సెట్ కూడా రాస్తారు. ఒకప్పటి ఎంసెట్ అదే. దానిలో మైనస్ లేదు. అక్కడ ఒక్క ప్రశ్నా ఖాళీగా వదలకూడదు. నీట్ భయంతో అక్కడా ఖాళీలు వదిలి వచ్చేవాళ్లున్నారు!

మధ్యాహ్నం రెండు గంటలకు

చాలా ఇళ్లలో గుర్తుకురాని సంగతి మరొకటుంది. 2025 నీట్ మే 4న మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా జరిగింది. వరంగల్ మే ఎండ సంగతి చెప్పేదేముంది? అర్ధరాత్రి దాకా చదివి మధ్యాహ్నం కునుకు తీసే అలవాటున్న పిల్లలకు సరిగ్గా అదే నిద్ర వేళ. కాబట్టి పరీక్షకు రెండు నెలల ముందు నుంచైనా ఆదివారాలు ఇంట్లో నమూనా పరీక్షను ఆ మూడు గంటల్లోనే రాయించండి. భోజనం ఒంటిగంటకల్లా, కాస్త తేలిగ్గా. పాత ప్రశ్నపత్రాలు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. గడియారం ఎదురుగా, ఓఎంఆర్ షీటు చేతిలో, బాల్ పెన్ను. ఆ మూడు గంటలూ టీవీ కట్టేయాల్సింది మాత్రం పెద్దవాళ్లే.