యాభై రూపాయల ఆశ... ఎవరికో ఆయువు!

లాటరీ అంటే మనకు జూదం. కేరళలో మాత్రం అదో ప్రభుత్వ శాఖ. గల్లీలో అమ్ముడయ్యే టికెట్టు డబ్బు ఆసుపత్రి మంచం దాకా ఎలా వెళుతుంది? ఆ దారిలో లాభపడేదెవరు? నష్టపోయేదెవరు?

శబరిమల వెళ్లొచ్చిన స్వాములను అడగండి... చెంగన్నూరులోనో, కొట్టాయంలోనో రైలు దిగగానే ఏం కనిపించిందని. టీ కొట్టు పక్కన చిన్న బల్ల, దానిమీద రంగురంగుల కాగితాలు, ‘ఈరోజే డ్రా’ అంటూ ఓ కేక. అమ్మేవాళ్లలో వృద్ధులుంటారు, చూపులేని వారుంటారు, మూడు చక్రాల బండిమీద తిరిగేవారూ ఉంటారు. కొనేవాళ్లు ఎక్కువగా కూలీలు, ఆటోడ్రైవర్లు, చిరుద్యోగులు. అక్కడ టికెట్టు కొనడం పేపరు కొన్నంత మామూలు!

రూపాయితో మొదలు

ఈ కథకు ఆద్యుడు పి.కె.కుంజు. 1967లో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ మంత్రివర్గంలో ఆయన ఆర్థికమంత్రి. ఖజానా చూస్తే అంతంతమాత్రం. జనంమీద కొత్త పన్ను వేయకుండా రాబడి ఎలా? కొందరికి ఉపాధి ఎలా? ఈ రెండు ప్రశ్నలకూ ఆయనకు దొరికిన జవాబు- లాటరీ. ప్రైవేటు లాటరీలను పక్కకు నెట్టి, సర్కారే రంగంలోకి దిగింది. దేశంలో లాటరీ కోసం ఓ శాఖనే పెట్టిన తొలి రాష్ట్రం కేరళ. టికెట్టు ధర రూపాయి, మొదటి బహుమతి 50 వేలు. తొలి డ్రా 1968 జనవరి 26న తీశారు.

ఆ రూపాయి టికెట్టు ఇప్పుడు 50 రూపాయలైంది. 2025 మే నుంచి వారపు టికెట్లన్నిటికీ అదే ధర, మొదటి బహుమతి కోటి రూపాయలు. రోజుకో పేరుతో లాటరీ ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి తిరువనంతపురంలో డ్రా తీస్తారు. ఓణం బంపర్ సంగతి వేరే చెప్పాలా... 2022 నుంచి దాని మొదటి బహుమతి 25 కోట్లు!

కారుణ్య... పేరులోనే ఉంది

లాటరీ డబ్బు ఖజానాలో కలిసిపోతే అది ఏ రోడ్డుకు వెళ్లిందో, ఏ జీతానికి వెళ్లిందో ఎవరికీ తెలియదు. 2011లో అప్పటి ఆర్థికమంత్రి కె.ఎం.మణి ఆ తీరు మార్చారు. ‘కారుణ్య’ పేరుతో ఓ లాటరీ ప్రారంభించి, దాని రాబడిని పేదల వైద్యానికి కేటాయించారు. క్యాన్సర్, గుండెజబ్బులు, మూత్రపిండాల వ్యాధి, హీమోఫీలియా... ఇల్లు అమ్ముకుంటే తప్ప తీరని రోగాలన్నీ ఆ జాబితాలోకి వచ్చాయి. ఒక్కో కుటుంబానికి రెండు లక్షలు, కిడ్నీ రోగులకు మూడు లక్షల దాకా సాయం. టికెట్టు తగలకపోయినా ‘పోనీలే, ఎవరి ప్రాణమో నిలబడుతుంది’ అనుకునే వీలు కొనేవాడికి దొరికింది.

2019లో ఆ పేరుతోనే ఆరోగ్య బీమా పథకం మొదలైంది. సుమారు 42 లక్షల పేద కుటుంబాలకు ఏడాదికి ఐదు లక్షల రూపాయల వరకూ ఆసుపత్రి ఖర్చు భరించే ఏర్పాటది. అందులో చోటు దక్కని, మూడు లక్షలలోపు వార్షికాదాయం ఉన్నవారిని పాత కారుణ్య నిధి ఆదుకుంటుంది.

అమ్మేవారికీ ఓ భరోసా ఉంది. ఏజెంట్లు, విక్రేతల కోసం సంక్షేమ నిధి బోర్డు పెట్టారు. పింఛను, వైద్యసాయం, పెళ్లి ఖర్చులకు సాయం, ఓణానికి బోనసు... వేరే పని చేయలేని మనిషికి ఇవన్నీ చిన్న విషయాలు కావు.

వచ్చిందంతా లాభమేనా?

కాదు. 2018-19లో కేరళ లాటరీ అమ్మకాలు తొమ్మిది వేల కోట్లు దాటాయి. అందులో సింహభాగం బహుమతులకూ, కమీషన్లకూ పోయింది. పన్నును పక్కన పెడితే, లాభంగా మిగిలింది ఐదో వంతుకన్నా తక్కువే. ఇక పన్ను సంగతంటారా... 2020 మార్చిలో జీఎస్టీ 28 శాతమైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతానికి ఎక్కింది.

అసలు లెక్క మరొకటుంది. రోజుకో టికెట్టు కొనే కూలీకి ఏడాదికయ్యే ఖర్చు 18 వేల పైమాటే. దాంతో పిల్లాడి చదువు గడుస్తుంది. లక్షలాది టికెట్లలో కోటి రూపాయలు తగిలేది ఒక్కదానికి. ఆశకు అలవాటుపడ్డ ఇంట్లో ఆ సాయంత్రం ఎలా గడుస్తుందో ఏ బడ్జెట్టూ రాయదు. అందుకే తమిళనాడు 2003లో, కర్ణాటక 2007లో లాటరీలకు స్వస్తి చెప్పాయి. మన తెలుగు రాష్ట్రాల్లోనూ సర్కారు లాటరీ లేదు. ఒకప్పుడు బస్టాండుల్లో సిక్కిం, భూటాన్ టికెట్లు వేలాడిన రోజులు పెద్దవాళ్లకు గుర్తే!

మరి కేరళ చేసింది తప్పా, ఒప్పా? ఒక్కమాటలో తేలదు. పేదవాడి జేబులోంచి తీసిన డబ్బు పేదవాడి మందుబిళ్లగా తిరిగి రావడం మంచిదే. తీసుకున్నదెంత, తిరిగిచ్చిందెంత అన్న లెక్క జనం ముందు పెడితేనే ఆ మంచికి విలువ. టికెట్లు అమ్ముడైనా, కాకున్నా వైద్యం అందాల్సిందే. రోగికి చికిత్స హక్కు కావాలి గానీ... అదృష్టం కాకూడదు కదా!

ఫోనులో ‘కోటి తగిలింది’ అంటే...

* కేరళ లాటరీ కాగితం టికెట్టుగానే దొరుకుతుంది. ఆన్‌లైన్‌లోనో, వాట్సప్‌లోనో అమ్ముతామంటే అది మోసమే.

* 1998 నాటి కేంద్ర చట్టం ప్రకారం డ్రాను రాష్ట్ర ప్రభుత్వమే తీయాలి. అమ్మకాల సొమ్ము సర్కారు ఖాతాలోనే జమకావాలి.

* పెద్ద బహుమతిపై 30 శాతం ఆదాయపు పన్నును ముందే కోసుకుని మిగతాది ఇస్తారు. ‘ముందు పన్ను కట్టండి, తర్వాత డబ్బు పంపుతాం’ అని ఎవరైనా అడిగితే ఫోను పెట్టేయడమే మేలు.