బతుకు నాది... తీర్పు ఎవరిది?

మన సినిమాల్లో ఒక మనిషికి మతి చలించిందని తేల్చటానికి ఎంతసేపు పడుతుంది? తెల్లకోటు డాక్టరుగారు కళ్లజోడు తీసి, "మనసుకు పెద్ద దెబ్బ తగిలిందమ్మా" అంటే చాలు. ఆ మరుసటి సీనుకల్లా కథానాయకుడు పిచ్చివాడైపోతాడు. మళ్లీ క్లైమాక్సులో తలమీద ఇంకో దెబ్బ పడగానే మతి తిరిగొచ్చేస్తుంది! నేల టిక్కెట్టు నుంచి బాల్కనీ దాకా అందరం చప్పట్లు కొడతాం.

తెరమీద అయితే ఫరవాలేదు. కానీ తెరకు ఇవతల ఒక మనిషి "నాకు బతకాలని లేదు" అన్నప్పుడు, అతని మతి స్థిమితంగా ఉందో లేదో ఎవరు తేల్చాలి? డాక్టరా? జడ్జీయా? పోలీసా? కన్నవాళ్లా? లేక పెన్ను పట్టుకున్న మాబోటి వాళ్లమా?

ఈ ప్రశ్ననే కథగా చేసుకున్న చిత్రం ఒకటుంది. పాటల్లేవు, ఫైట్లు లేవు. హీరో దాదాపు సినిమా అంతా మంచం మీదే ఉంటాడు. అయినా కదలకుండా చూస్తాం.

మంచం మీది హీరో

1981లో వచ్చిన ఆ హాలీవుడ్ చిత్రం పేరు "హూజ్ లైఫ్ ఈజ్ ఇట్ ఎనీవే?" బ్రయాన్ క్లార్క్ అనే ఇంగ్లీషు రచయిత 1972లో టెలివిజన్ కోసం రాసి, 1978లో లండన్ రంగస్థలం మీదికి తెచ్చిన నాటకం దానికి ఆధారం. జాన్ ట్రవోల్టాతో "సాటర్‌డే నైట్ ఫీవర్" తీసిన జాన్ బాడమ్ దర్శకుడు. హీరోగా రిచర్డ్ డ్రైఫస్.

హీరో శిల్పి. చేతులే అతని బతుకు. కారు ప్రమాదంలో మెడ కింది భాగమంతా చచ్చుబడిపోతుంది. బుర్ర మాత్రం పాదరసం! నర్సులతో జోకులు వేస్తాడు, డాక్టర్లను ఆటపట్టిస్తాడు. కొన్నాళ్లకు, "నాకీ వైద్యం వద్దు, ఇంటికి పంపించండి" అంటాడు. ఆ వైద్యం లేకపోతే తాను బతకనని అతనికి తెలుసు, డాక్టర్లకూ తెలుసు.

పెద్ద డాక్టరు ఎమర్సన్ (ఈ పాత్ర జాన్ కాసవెటీస్‌ది) ఒప్పుకోడు. దుర్మార్గుడై కాదు, ప్రాణం కాపాడటమే వృత్తిగా బతికినవాడు కనుక. ఇతనికి డిప్రెషన్ ఉంది, మతి స్థిమితంగా లేదు, కాబట్టి ఇతని మాట చెల్లదంటాడు. హీరో లాయరును పెట్టుకుంటాడు. జడ్జీగారే ఆస్పత్రికి వచ్చి, మంచం పక్కన కోర్టు పెట్టి వాదనలు వింటారు. చివరికి, ఇతనికి మతి ఉంది, ఇతని ఇష్టం ఇతనిదని తీర్పు చెబుతారు.

టీ కొట్టు దగ్గర తగువు

ఈ సినిమా చూశాక నేనూ నా మిత్రుడూ టీ కొట్టు దగ్గర గంటసేపు తగువులాడుకున్నాం. వాడిది ఒకటే మాట. "మతి ఉన్నవాడెవడైనా చస్తానంటాడట్రా?"

"అది ఎమర్సన్ డాక్టరు లెక్కే కదరా" అన్నాను. "చస్తానన్నాడు కాబట్టి పిచ్చి. పిచ్చి కాబట్టి వాడి మాట చెల్లదు. ఇంక ఆ మనిషి ఏం చెప్పి నెగ్గుతాడు? బతుకుతానంటే ఏ పరీక్షా లేదు, వద్దంటే మాత్రం ఏం మాట్లాడినా ఫెయిలే!"

వాడు టీ గ్లాసు కింద పెట్టి, చాలాసేపు ఊరుకుని, అప్పుడన్నాడు.

"మా పెదనాన్నగారి అబ్బాయి డిగ్రీ తప్పినప్పుడు నాతో ఎంత నిబ్బరంగా మాట్లాడాడో తెలుసా? ఏడవలేదు, అరవలేదు. తను లేకపోతే ఇంటికి ఎంత ఖర్చు తగ్గుతుందో, చెల్లెలి పెళ్లి ఎంత సులువవుతుందో లెక్క కట్టి చెప్పాడు. కూడికల్లో తప్పు లేదు! ఆ రాత్రంతా వాణ్ణి నేను వదల్లేదు. తెల్లారాక పెదనాన్నకు చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఇవాళ వాడికి ఇద్దరు పిల్లలు. ఆ రోజు జడ్జీ వచ్చి ప్రశ్నలు వేసుంటే, మతి బ్రహ్మాండంగా ఉందని సర్టిఫికెట్ ఇచ్చేవాడు."

నా దగ్గర జవాబు లేదు. చావాలనుకోవటం ఒక్కటే పిచ్చికి రుజువు కాదు, నిజమే. కానీ నిబ్బరంగా మాట్లాడటం కూడా స్థిమితానికి రుజువు కాదు. డిప్రెషన్‌కు ఒక మాయ ఉంది. లెక్క చేసే శక్తిని అది చాలాసార్లు ముట్టుకోదు. లెక్కలో వేసే అంకెల్ని మార్చేస్తుంది. "నేను భారం" అన్న అంకెను నిజమని నమ్మించి, ఆ తర్వాత కూడికలన్నీ సరిగ్గానే చేయిస్తుంది.

అడిగేవాడి మనసులో ఏముంది?

చరిత్ర తిరగేస్తే నాకు ఒక సంగతి కనిపించింది. ఫలానావాడికి మతి ఉందా అని అడిగేవాడు, ఆ తర్వాత వాణ్ణి ఏం చెయ్యాలో ముందే అనుకుని అడుగుతుంటాడు.

ఇంగ్లండులో పూర్వం ఆత్మహత్య నేరం. స్థిమితంగా ఉండి చేసుకున్నాడని జ్యూరీ తేలిస్తే, చనిపోయినవాడి సొత్తు రాజుగారి ఖజానాకు పోయేది. మతి తప్పి చేసుకున్నాడంటే భార్యాబిడ్డలకు దక్కేది, చర్చి శ్మశానంలో చోటూ దొరికేది. జ్యూరీలో కూర్చున్న ఊరివాళ్లు ఏం చేశారు? రానురాను "మతి తప్పింది" అనే తేల్చటం మొదలుపెట్టారు. అది వైద్యం కాదు, జాలి! సొత్తు లాక్కునే పద్ధతి 1870లో పోయింది. ఆత్మహత్య నేరం కాకుండా పోయింది మాత్రం 1961లోనే.

మన దగ్గర 1860 నాటి పీనల్ కోడ్, 309వ సెక్షన్, దీనికి తిరగేసిన బొమ్మ. ఆత్మహత్యాయత్నం చేసి బతికిన మనిషి మతి ఉన్న నేరస్థుడు, ఏడాది దాకా జైలు. ఆస్పత్రిలో కళ్లు తెరిస్తే మంచం పక్కన పోలీసు! ఈ సెక్షన్ కథ సినిమా కథకంటే ఎక్కువ మలుపులు తిరిగింది. మానసిక వ్యాధితో బాధపడుతున్న ఒక కానిస్టేబుల్ కేసులో 1986లో బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టేసింది. మరుసటి ఏడే మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిలబెట్టింది. 1994లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 1996లో అదే సుప్రీంకోర్టు, ఈసారి అయిదుగురు జడ్జీలతో, మళ్లీ నిలబెట్టింది!

ఇక మన వెండితెర ముద్ర ఇంకోటి. దేవదాసు తాగి తాగి ప్రాణం పోగొట్టుకుంటే మనం దాన్ని జబ్బనలేదు, ఆత్మహత్య అనలేదు. ప్రేమ అన్నాం. 1978లో "మరో చరిత్ర" ప్రేమికులు పోతే కళ్లు తుడుచుకుని అమరప్రేమ అన్నాం. అదే కథ 1981లో "ఏక్ దూజే కే లియే"గా హిందీకి వెళ్లాక, దేశంలో ప్రేమజంటల ఆత్మహత్యల వార్తలు వచ్చి, ఆ ముగింపు మీద పెద్ద గొడవే జరిగింది. బాలచందర్‌గారి ప్రతిభను నేను కాదనటం లేదు. కానీ పిచ్చి, పిరికితనం, అమరత్వం... ఈ మూడు ముద్రల్లో ఏది కొట్టినా ఆ మనిషికి ఏం నొప్పి పుట్టిందో అడగాల్సిన పని మనకు తప్పిపోతుంది.

మా పేనా వాళ్ల సంగతి

2020 జూన్ 14న సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ మరణించాక టీవీల్లో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఒక చానెల్లో అతని మందుల చీటీలు. ఇంకో చానెల్లో "అంత నవ్వుతూ ఉండేవాడికి డిప్రెషనేమిటి?" అని అతని పాత వీడియోలు. అతన్ని ఎన్నడూ చూడనివాళ్లు అతని మనసుకు పోస్టుమార్టం చేశారు.

మానసిక చికిత్స పొందే వ్యక్తి సమాచారాన్ని అతని సమ్మతి లేకుండా పత్రికలకు, టీవీలకు ఇవ్వకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు కూడా, ఇలాంటి మరణాల వార్తల్లో పోయినవాణ్ణి బలహీన స్వభావం గలవాడిగా చూపించొద్దని మీడియాకు గట్టిగా చెప్పింది. సినిమా వార్తలు రాసే మేమంతా ఆ తీర్పును బల్లముందు అంటించుకోవాలి. నవ్వే ఫొటో ఆరోగ్యానికి సర్టిఫికెట్ కాదు, మందుల చీటీ పిచ్చికి సర్టిఫికెట్ కాదు.

చట్టం నేర్చుకున్న పాఠం

2018 మే 29న అమలులోకి వచ్చిన ఆ చట్టంలో, మన సినిమా రచయితలు తప్పక చదవాల్సిన సంగతులు మూడున్నాయి.

ఒకటి: ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి, వేరే రుజువైతే తప్ప, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. శిక్ష కాదు, సంరక్షణా చికిత్సా ఇవ్వాలి. ఆ బాధ్యత ప్రభుత్వానిది. చట్టం వాడిన మాట "ఒత్తిడి", "పిచ్చి" కాదు, గమనించండి.

రెండు: మానసిక వ్యాధి ఉందని తేలినంత మాత్రాన, ఆ మనిషికి మతి లేదని అర్థం కాదు. ఆ మాట అనగలిగేది తగిన కోర్టు ఒక్కటే.

మూడు: చికిత్స విషయంలో నిర్ణయించుకోగలడా అన్నది చూడాలంటే, మనిషి మొత్తానికి మార్కులు వెయ్యకూడదు. చెప్పింది అర్థమవుతోందా? పర్యవసానం తెలుస్తోందా? తన నిర్ణయాన్ని తెలియజేయగలడా? ఇవి చూడాలి. ఇవాళ కుదరకపోతే రేపు కుదరొచ్చు.

2024 జూలై 1న పాత పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో పాత 309 లేదు. ప్రభుత్వోద్యోగిని తన విధి చెయ్యకుండా ఆపటానికో, ఏదైనా చేయించటానికో ఆత్మహత్యాయత్నం చేస్తే మాత్రం శిక్ష ఉంది.

వెంకటేశ్ అడిగింది వేరు

"అయితే ఆ శిల్పి గతి ఏమిటి?" అంటారా? మన హైదరాబాదులోనే అలాంటి కథ జరిగింది. వెంకటేశ్ అనే పాతికేళ్ల చదరంగం ఆటగాడు. కండరాలు క్షీణించిపోయే పుట్టుజబ్బు. 2004 డిసెంబరులో, చివరి దశలో, తన అవయవాలు పాడవకముందే ఇంకొకరికి ఇచ్చి పోతానన్నాడు. తల్లి కోర్టుకెళ్లింది. చట్టం ఒప్పుకోదని హైకోర్టు కాదంది. కొద్దిరోజులకే అతను కన్నుమూశాడు. ఆ తల్లీకొడుకుల కథనే రేవతి దర్శకత్వంలో, కాజోల్ తల్లిగా, 2022లో "సలామ్ వెంకీ"గా తీశారు.

2018లో సుప్రీంకోర్టు, కోలుకునే ఆశ లేనప్పుడు తనకు యంత్రాల ఊపిరి వద్దని మతి స్థిమితంగా ఉన్న వయోజనుడు ముందే రాసిపెట్టుకోవచ్చని చెప్పింది. దాన్ని ఆత్మహత్య అనలేదు. చావు ఎటూ గుమ్మంలోకి వచ్చినప్పుడు దాన్ని అనవసరంగా సాగదీయొద్దనటం అది.

నా మిత్రుడి తమ్ముడి సంగతి అది కాదు. అతని గుమ్మంలో చావు లేదు, ఫెయిలైన మార్కుల కాగితం ఉంది. వచ్చింది తుఫాను. తుఫాను వెలిశాక అదే మనిషి వేరే మాట చెప్పగలడు. ఆత్మహత్యాయత్నం నుంచి బయటపడ్డవాళ్లలో అత్యధికులు ఆ తర్వాత ఆత్మహత్యతో పోలేదని ఎన్నో దేశాల అనుభవం. అలాంటప్పుడు ఆ రాత్రికి ఆపటం అతని స్వేచ్ఛను లాక్కోవటమా? నేను కాదంటాను. ఆపితే రేపు మనసు మార్చుకునే స్వేచ్ఛ అతని చేతిలోనే ఉంటుంది. ఆపకపోతే ఏ స్వేచ్ఛా మిగలదు. అయితే ఆపటం వేరు, ముద్ర వెయ్యటం వేరు. "పిచ్చోడివి, నోర్ముయ్" అని ఆపినవాడు మనిషిని ఆపుతాడేమో గాని బాధను ఇంకా లోపలికి తోస్తాడు.

ఎమర్సన్ డాక్టరు నాకు నచ్చింది చివర్లో. కేసు ఓడిపోయాక, "ఎక్కడికీ పోవద్దు, ఇక్కడే ఉండు, నీకిష్టంలేని వైద్యమేదీ చెయ్యం" అంటాడు. ఎందుకంటే అతను మనసు మార్చుకుంటే దగ్గర్లో ఒకరుండాలి కదా! సినిమా అంతా కొలవటానికి చూసినవాడు, చివరికి తోడుండటానికి సిద్ధపడ్డాడు.

మీ స్నేహితుడెవరైనా ఆ మాట అంటే, మతి ఉందా లేదా అని మీరు తేల్చనక్కర్లేదు. మీరు జడ్జీలు కారు. సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే ఆలోచన పుడుతుందన్నది ఉత్తమాట, అడిగితే బరువు దిగుతుంది. చెప్పేది పూర్తిగా వినండి. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అంటే వెయ్యకండి, పెద్దవాళ్లకు చెప్పండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. 14416కు ఫోను చెయ్యండి. అది టెలి మానస్, ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ మాట అన్నది మీ మనసే అయినా చెయ్యాల్సింది ఇదే.